ఆదివారము ఆడని ఆటగాడు



సంక్రాంతి దగ్గర పడేసరికి మన ఖమ్మం, భద్రాచలం అడవి పల్లెలలో ఆటల పోటీలు మొదలవుతాయి. చర్ల, దుమ్ముగూడెం, పినపాక, గుండాల, ఏ వైపు వెళ్ళినా కబడ్డీ బరి గీసి ఉంటుంది, రెండు వెదురు బొంగుల మధ్య వాలీబాల్ వల కట్టి ఉంటుంది. ఇందులో తప్పేమీ లేదు. కాళ్ళలో సత్తువ దేవుడిచ్చినదే. పిల్లలు చెడు అలవాట్లకు పోకుండా మైదానంలో చెమట కార్చడం మంచిదే. చిక్కు ఎక్కడ వస్తుందంటే, గట్టి ఆటలన్నీ తరచుగా ఆదివారమే పెడతారు. అందరికీ తీరిక దొరికేది ఆ రోజే గనుక.

అప్పుడు విశ్వాసుల ఇండ్లలో ఒక వాదన లేస్తుంది. "ఈ ఒక్క ఆదివారమేగదా నాన్నా" అంటాడు కొడుకు. "ఒక్క ఆదివారమే అయితే ఆ ఒక్కటీ దేవునికిస్తే ఏం పోయింది?" అంటాడు తండ్రి. తల్లి ఇద్దరి మధ్యా నలిగిపోతుంది. పిల్లవాడు బాగా ఆడతాడని పేరొచ్చి, కిన్నెరసాని దగ్గరి గిరిజన క్రీడా పాఠశాలకో, మరింత దూరానికో వెళ్ళే అవకాశం వస్తే ఈ ప్రశ్న ఇంకా పెద్దదవుతుంది. ఆట నేర్చుకుంటే ఉద్యోగం రావచ్చు, కుటుంబం నిలబడవచ్చు. మరి ఆరాధన సంగతి?

ఇటువంటి ప్రశ్నకు మేము సూత్రం చెప్పి ఊరుకోదలచలేదు. ఈ నెల ఒక ఆటగాని జీవితమును మీ ముందు పెట్టుచున్నాము. ఆయన పేరు మైకేల్ జోన్స్. దేశం న్యూజిలాండ్. ఆట రగ్బీ. లోకమంతా చూస్తుండగా ఆయన ఆదివారము ఆడనన్నాడు. అందువల్ల ఆయనకు ఏమి దక్కిందో, ఏమి దక్కలేదో దాచకుండా చెప్పుకుందాము.

ఆ ఆట ఎటువంటిది?

రగ్బీ మన పల్లెలలో ఆడే ఆట కాదు గనుక నాలుగు మాటలు చెప్పాలి. కోడిగ్రుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేతితో పట్టుకొని పరుగెత్తి, ఎదుటి జట్టు గీత దాటి నేలకు ఆనించాలి. దానినే ట్రై అంటారు. బంతిని పక్కకు గాని వెనుకకు గాని విసరవచ్చును, ముందుకు విసరకూడదు. బంతి పట్టుకొని వచ్చేవానిని ఎదుటివారు నడుము పట్టి పడవేస్తారు. కబడ్డీలో కూతకు వచ్చినవానిని పట్టినట్టే ఉంటుంది గాని, ఇక్కడ ఇద్దరూ పూర్తి వేగంతో ఢీకొంటారు. రగ్బీ యూనియన్ అనే పద్ధతిలో జట్టుకు 15 మంది, ఆట 80 నిమిషాలు.

1823లో ఇంగ్లాండులోని రగ్బీ అనే ఊరి పాఠశాలలో విలియం వెబ్ ఎల్లిస్ అనే కుర్రవాడు కాలితో తన్నే బంతిని చేతబట్టుకొని పరుగెత్తాడనీ, ఈ ఆట అలా పుట్టిందనీ చెబుతారు. ఆ కథకు గట్టి ఆధారం లేదు. అయితే వెబ్ ఎల్లిస్ అనే మనిషి ఉన్నమాట నిజం. ఆయన తరువాత ఆంగ్లికన్ పాదిరి అయ్యాడు. నేటికీ ప్రపంచ కప్పుకు ఆయన పేరే.

మన దేశానికీ ఈ ఆటతో పాత సంబంధమున్నది. కలకత్తాలోని తెల్లవారు 1870లలో ఒక రగ్బీ క్లబ్బు నడిపి, 1878లో దానిని మూసివేసినప్పుడు, బ్యాంకులో మిగిలిన వెండి రూపాయలను కరిగించి ఒక కప్పు చేయించారు. దానికి మూడు నాగుపాముల పిడులు, మూతపైన ఏనుగు. ఇంగ్లాండు, స్కాట్లాండు జట్లు ఈనాటికీ ఏటా ఆ కలకత్తా కప్పు కోసమే పోటీపడతాయి.

ఇక మన ఇరుగుపొరుగు సంగతి. శబరి నదికి అవతల ఒడిశా రాష్ట్రం. భువనేశ్వర్‌లోని కళింగ సంస్థ పాఠశాలలో చదివే గిరిజన బాలురు 2007లో లండన్ వెళ్ళి, 14 ఏళ్ళలోపు పాఠశాల జట్ల అంతర్జాతీయ రగ్బీ పోటీలో గెలిచి వచ్చారు. 2025 జూన్‌లో ముంబయిలో మొదటిసారి జరిగిన రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ పేరుతో ఒక జట్టు కూడ ఆడింది. అది ఏడుగురేసి ఆడే పొట్టి ఆట. కనుక ఇది ఎక్కడివారి ఆటో, మనకెందుకు అని త్రోసివేయనక్కరలేదు. రేపు మన కోయ బిడ్డ ఎవరైనా ఆ బంతి పట్టవచ్చును.

సమోవా తల్లి కుమారుడు

మైకేల్ జోన్స్ 1965లో న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ నగరంలో పుట్టాడు. ఆయన తల్లి వంశం సమోవా దీవులది. పసిఫిక్ మహాసముద్రం నడుమనున్న ఆ చిన్న దీవులకు 1830లో జాన్ విలియమ్స్ అనే మిషనరీ సువార్త తీసుకొనిపోయాడు. ఆయనను పంపినది లండన్ మిషనరీ సొసైటీ. ఆ పేరు మన తెలుగు సంఘములకు క్రొత్తది కాదు. అదే సొసైటీ 1805లో జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అను ఇద్దరిని విశాఖపట్టణమునకు పంపగా, తెలుగులో సువార్తలను అనువదించే పని వారు ఆరంభించారు. ఒకే చేతితో చల్లిన విత్తనాలు ఇటు గోదావరి దేశానికి దగ్గరగానూ, అటు సముద్రం నడిమిన దీవులలోనూ మొలిచాయన్నమాట.

సమోవా పల్లెలలో సాయంత్రం ప్రార్థన వేళకు శంఖమో గంటో మోగుతుంది. ఆ కొద్దిసేపు వీధిలో నడిచేవారు కూడ ఆగిపోవాలి, ఇంటింటా కుటుంబ ప్రార్థన జరుగుతుంది. ఆదివారమంటే అక్కడ గుడి, ఇంటిల్లిపాదీ కలిసి భోజనం, విశ్రాంతి. బ్రతుకుతెరువుకు న్యూజిలాండ్ చేరిన కుటుంబాలు ఆ అలవాటును కూడ మూటగట్టుకొని వెళ్ళాయి. మైకేల్ జోన్స్ విశ్వాసము వేళ్ళూనినది అటువంటి వాతావరణంలోనే.

ఆటలో ఆయన స్థానం ఫ్లాంకర్. ఎవరైనా బంతితో పడిపోగానే అందరికంటె ముందు అక్కడికి చేరి బంతిని దక్కించుకోవడం ఆయన పని. దానికి వేగం కావాలి, బలం కావాలి, బంతి ఎక్కడ పడబోతుందో ముందే పసిగట్టే తెలివి కావాలి. ఆ మూడూ ఆయనకు ఉన్నాయి. ఎంత ఒత్తిడిలోనైనా తొణకడు గనుక ఆయనను మంచు మనిషి అని పిలిచేవారు. 1986లో సమోవా జట్టుకు ఒక ఆట ఆడి, 1987లో న్యూజిలాండ్ దేశపు జట్టులో చేరాడు. నల్లని దుస్తులు వేసుకొనే ఆ జట్టును ఆల్ బ్లాక్స్ అంటారు. ఆ దేశంలో ఆ నల్ల చొక్కా తొడుక్కోవడం కంటె పెద్ద గౌరవం ఆటగానికి లేదు.

మొదటి పరీక్ష

1987లోనే మొట్టమొదటి రగ్బీ ప్రపంచ కప్పు జరిగింది. మే 22న ఆక్లాండులో ఇటలీతో ఆరంభపు ఆట. ఆ పోటీల చరిత్రలో తన చేతులతో ట్రై చేసిన మొదటి ఆటగాడు 22 ఏళ్ళ మైకేల్ జోన్స్. దేశమంతా ఆయన పేరే.

న్యూజిలాండ్ జట్టు గెలుచుకుంటూ సెమీఫైనలుకు చేరింది. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేనులో వేల్సు దేశంతో ఆట. తేదీ జూన్ 14. ఆ రోజు ఆదివారము.

మైకేల్ జోన్స్ ఆడలేదు.

ఒక్కసారి ఆలోచించండి. వయస్సు 22. ప్రపంచ కప్పు సెమీఫైనలు. ఆయన స్థానంలో ఆడే మరొకడు అద్భుతంగా ఆడితే, ఫైనలులో తనకు చోటు ఉంటుందో లేదో తెలియదు. "ఈ ఒక్క ఆదివారమేగదా" అనడానికి ఇంతకంటె పెద్ద కారణం ఏ మనిషికి దొరుకుతుంది? మనకైతే ఊరి షీల్డు చాలు, ఆ మాట అనడానికి.

ఆ ఆటలో న్యూజిలాండ్ 49-6 తేడాతో గెలిచింది. జూన్ 20, శనివారము, ఫైనలు. జోన్స్‌ను మళ్ళీ జట్టులోకి తీసుకున్నారు. ఆయన ట్రై చేశాడు. ఫ్రాన్సు మీద 29-9తో గెలిచి న్యూజిలాండ్ మొదటి ప్రపంచ కప్పు అందుకున్నది.

ఈ కథ ఇక్కడితో ఆగిపోతే ఎంత బాగుండునో కదా! "చూశారా, ఆదివారమును ఘనపరచినవానికి దేవుడు కప్పు ఇచ్చాడు" అని చెప్పి ముగించవచ్చును. మన సండేస్కూళ్ళలో మనము ఇటువంటి కథలే ఇష్టపడతాము. స్కాట్లాండు పరుగువీరుడు ఎరిక్ లిడెల్ కథ మీలో చాలమంది వినియుందురు. చైనాలో మిషనరీ దంపతులకు పుట్టిన ఆయన కూడ తొలుత రగ్బీ ఆటగాడే. 1922, 1923లలో స్కాట్లాండు తరపున ఏడు ఆటలు ఆడాడు. 1924 పారిస్ ఒలింపిక్సులో 100 మీటర్ల పరుగు తొలి పోటీలు ఆదివారం పడ్డాయని మానుకొని, 400 మీటర్లు పరుగెత్తి 47.6 సెకండ్లలో బంగారు పతకం గెలిచాడు. నిజమైన సంగతే, గొప్ప సంగతే. కాని మనము దానిని చెప్పే తీరు వల్ల పిల్లల మనస్సులో ఒక లెక్క పడిపోతుంది: ఆదివారము ఇస్తే పతకము వస్తుంది. దేవునితో బేరము అన్నమాట.

మైకేల్ జోన్స్ జీవితము ఆ బేరమును విరుగగొట్టుచున్నది. అందుకే ఆయనను ఎన్నుకున్నాము.

మూడు ఆదివారములు

1989లో అర్జెంటీనాతో ఆడుతుండగా ఆయన మోకాలు ఘోరంగా దెబ్బతిన్నది. ఆట ముగిసిపోయినట్టేనని అనుకున్నవారున్నారు. ఏడాదికి పైగా పట్టింది. 1990 చివరలో మళ్ళీ దేశం తరపున మైదానంలోకి దిగాడు. మునుపటి మెరుపు వేగం కొంత తగ్గింది, పట్టుదల తగ్గలేదు.

1991 అక్టోబరులో రెండవ ప్రపంచ కప్పు వచ్చింది. తొలి ఆటలో ఇంగ్లాండు మీద న్యూజిలాండ్ 18-12తో గెలిచింది. ఆ రోజు ట్రై చేసినది మైకేల్ జోన్సే. కాని ఈసారి పంచాంగము ఆయనకు అనుకూలంగా లేదు. అక్టోబరు 13న ఇటలీతో ఆట ఆదివారము. 20న కెనడాతో క్వార్టర్ ఫైనలు ఆదివారము. 27న డబ్లిన్ నగరంలో ఆస్ట్రేలియాతో సెమీఫైనలు, అదీ ఆదివారమే. మూడింటికీ ఆయన దూరంగా ఉన్నాడు.

ఇటలీతో గెలిచారు. కెనడాతో గెలిచారు. ఆస్ట్రేలియా చేతిలో 16-6తో ఓడిపోయారు. కప్పు చేజారింది.

ఆయన ఉంటే గెలిచేవారా? ఎవరూ చెప్పలేరు. కాని అంతటి ఆటగాడు లేకపోవడం లోటు కాదని కూడ ఎవరూ అనలేరు. విశ్వాసము నిమిత్తము మనము చెల్లించే వెల కొన్నిసార్లు మన ఒక్కరి జేబులోనుండి పోదు. ప్రక్కవాడు కూడ కొంత చెల్లిస్తాడు. ఇది చేదు మాటే గాని నిజము. ఆదివారము పొలానికి పోని భార్య పని భర్త మీద పడుతుంది. ఆదివారం ఆడని కుర్రవాని లోటు ఊరి జట్టు మీద పడుతుంది. కనుక "నా దేవుడు, నా ఇష్టం" అని గర్వంగా చెప్పడం తగదు. ఎదుటివాని నష్టమును కూడ ఎరిగి, తగ్గింపుతో, ముందుగానే చెప్పవలసిన మాట అది.

జోన్స్ విషయంలో జట్టువారికి ఆయన నియమము క్రొత్త కాదు. ఆదివారములు ఆడడని తెలిసే తీసుకున్నారు. ఆట గంట ముందు మానుకొని ఎవరినీ ఇరుకున పెట్టినవాడు కాడు. ఇంకొక సంగతి గమనించండి. ఆ ఆదివారములలో జట్టు ఆడింది. ఆయన నియమము ఆయన దేహమునకే. తక్కిన పదునైదుగురికి కాదు. రోమా పత్రిక 14వ అధ్యాయములో పౌలు భక్తుడు దినముల విషయమై చెప్పిన సంగతి ఇదే గదా: ఒకడు ఒక దినమును ఎక్కువగా ఎంచుతాడు, మరొకడు అన్ని దినములను సమానంగా ఎంచుతాడు, ప్రతివాడు తన మనస్సులో రూఢిపరచుకోవాలి, ప్రభువు కోసమే చేయాలి, సహోదరునికి తీర్పు తీర్చకూడదు.

చోటు దక్కని సంవత్సరము

1995లో మూడవ ప్రపంచ కప్పు దక్షిణాఫ్రికాలో జరిగింది. న్యూజిలాండ్ ముందుకు సాగితే క్వార్టర్ ఫైనలు జూన్ 11న, సెమీఫైనలు జూన్ 18న ఆడాలి. రెండూ ఆదివారములే. కీలకమైన రెండు ఆటలకు రానివానిని అంతదూరం తీసుకొనిపోవడమెందుకని, జట్టును ఎన్నుకొనేవారు ఈసారి ఆయనను ప్రక్కన పెట్టారు. 1987లో కప్పు గెలిపించిన మనిషి 1995లో ఆ పోటీలకు వెళ్ళనేలేదు.

ఇది అన్యాయమని మేము అనము. ఎన్నుకొనేవారి పని జట్టును గెలిపించడం. వారి లెక్క వారిది. విశ్వాసి తన నియమమును కాపాడుకొనవచ్చును గాని, ఆ నియమము కోసం లోకము తన లెక్కలు మార్చుకోవాలని పట్టుబట్టలేడు. ఆదివారమూ కావాలి, చోటూ కావాలి అంటే అది సాక్ష్యము కాదు, అది హక్కుల పోరాటము. వెల చెల్లించడానికి సిద్ధపడి కాదన్నప్పుడే ఆ మాటకు బరువు.

సరిగ్గా ఆ ఏడే ఆ ఆట స్వరూపము మారిపోయింది. అంతవరకు రగ్బీ యూనియన్ ఆటగాళ్ళకు ఆడినందుకు జీతము ఇవ్వకూడదని కట్టడి ఉండేది. వారు వేరే ఉద్యోగమో చదువో చేసుకుంటూ ఆడేవారు. 1995 ఆగస్టు 26న పారిస్‌లో ఆ ఆట పెద్దలు ఆ కట్టడి ఎత్తివేశారు. ఆట వృత్తి అయింది. 1996లో న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియా దేశాల పన్నెండు జట్లతో క్రొత్త పోటీలు మొదలైనవి. టీవీ కంపెనీల డబ్బుతో నడిచే పోటీలలో తేదీలు నిర్ణయించేది ఆటగాడు కాదు, ప్రేక్షకుని తీరిక.

ముప్పయ్యవ యేట మైకేల్ జోన్స్ ఆ విధంగా జీతపు ఆటగాడయ్యాడు. ఆయన ఆడిన ఆక్లాండ్ జట్టు 1996లోనూ, 1997లోనూ ఆ పోటీలలో విజేత అయింది. దేశపు జట్టులోకి కూడ మళ్ళీ వచ్చాడు. 1996లో న్యూజిలాండ్ చరిత్రలో మొదటిసారిగా దక్షిణాఫ్రికా గడ్డమీద వరుస టెస్టుల పోటీ గెలిచినప్పుడు ఆ జట్టులో ఆయన ఉన్నాడు. 1997లో మళ్ళీ మోకాలి దెబ్బ. మళ్ళీ లేచాడు. 1998లో 33వ యేట దేశం తరపున ఆడటం ముగిసింది. మొత్తం 55 టెస్టు ఆటలు, 13 ట్రైలు. ఆదివారము జీతము తేగల రోజయిన తరువాత కూడ ఆయన మాట మారలేదు.

ఆట విడిచాక ఆయన ఖాళీగా కూర్చోలేదు. 2004 నుండి 2007 వరకు తల్లిగారి దేశమైన సమోవా జట్టుకు శిక్షకుడుగా ఉన్నాడు. ఆక్లాండులో పసిఫిక్ దీవుల కుటుంబాల యువకుల మధ్య ఎంతో కాలముగా సేవ చేస్తూ వచ్చాడు. 2017లో ఆ దేశం ఆయనకు సర్ బిరుదు ఇచ్చింది. బిరుదు ఆలస్యంగా వచ్చిన బహుమానమని మేము చెప్పము. పోయిన ఆటలు పోయినవే. 1991 తిరిగి రాలేదు, 1995 తిరిగి రాలేదు.

ఆయన తరువాతి తరములోనూ ఇటువంటివారున్నారు. స్కాట్లాండు ఆటగాడు యువాన్ మర్రే 2011 ప్రపంచ కప్పులో సెప్టెంబరు 25, ఆదివారము, అర్జెంటీనాతో ఆడలేదు. స్కాట్లాండు ఒక్క పాయింటు తేడాతో, 13-12తో ఓడిపోయింది. ఒక్క పాయింటు! దేవుని ఘనపరచినవాడు ఉన్న జట్టు ఎప్పుడూ గెలుస్తుందని బైబిలు ఎక్కడా చెప్పలేదు. షద్రకు, మేషాకు, అబేద్నెగో అను ముగ్గురు యువకులు కూడ రాజు ఎదుట, దేవుడు తమను రక్షించకపోయినా సరే మ్రొక్కమనే గదా చెప్పింది.

మన అడవి అంచున

ఇక మన సంగతికి వద్దాము. ఇది చదివి ఎవరైనా తమ ప్రక్కింటివారికి తీర్పు తీర్చడానికి బయలుదేరుతారేమోనని మాకు భయము. కాబట్టి ఈ మాట గట్టిగా చెప్పుచున్నాము.

మన ప్రాంతంలో ఏప్రిల్, మే నెలలు వస్తే తునికాకు కోస్తారు. ఆకు లేతగా ఉన్న కొద్దిరోజులే కోత. కల్లం మూసేలోగా కట్టలు కట్టి ఇవ్వాలి. ఏడాదిలో నాలుగు రూకలు కళ్ళజూసేది అప్పుడే. ఇప్పపువ్వు రాలే రోజులలో తెల్లవారుజామున ఏరుకోకపోతే పశువుల పాలు. మిర్చి కోతకు కూలికి పోయినవారికి సెలవు రోజు చెప్పేది యజమాని. మణుగూరు, కొత్తగూడెం గనులలో షిఫ్టు ఏ రోజు పడితే ఆ రోజు దిగాలి. ఆదివారపు డ్యూటీని అక్కడ ప్లేడే అంటారు, దానికి రెట్టింపు కూలి. ఆసుపత్రిలో నర్సమ్మ ఆదివారము సెలవు పెడితే రోగి గతి ఏమి?

వీరందరినీ మైకేల్ జోన్స్‌తో పోల్చి నిందించడం క్రూరత్వము. ఆకలితో ఉన్న శిష్యులు విశ్రాంతిదినమున వెన్నులు త్రుంచినప్పుడు మన ప్రభువు వారి పక్షమున మాట్లాడాడు. ఆ దినము మనుష్యుని కొరకు చేయబడినదని నేర్పాడు. పొయ్యి వెలగడానికి పోయిన ఆదివారము వేరు. పేరు కోసం, షీల్డు కోసం, అదనపు రొక్కం కోసం మనమే చేజేతులా ఇచ్చేసిన ఆదివారము వేరు. ఏది ఏదో ప్రతి ఇంటివారికీ లోపల తెలుస్తూనే ఉంటుంది.

తెల్లవారి ఆరాధనకు రాలేని కూలివారికోసం సాయంత్రపు ఆరాధన పెట్టే సంఘములున్నవి. తునికాకు రోజులలో మీ సంఘములోనూ అలా చేయవచ్చునేమో పెద్దలు ఆలోచించవలెను. గుడి తలుపు ఒక్క గంట మాత్రమే తెరిచి, రానివానిని తప్పుపట్టడం సుళువైన పని. కాపరి పని అది కాదు.

తలిదండ్రులకు నాలుగు మాటలు

మొదటిది. బిడ్డకు ఆటలో వరముంటే అడ్డు రాకండి. ఆటలంటే లోకానుసారమని కసరి కూర్చోబెట్టిన పిల్లవాడు గుడిలో కూర్చున్నా అతని మనస్సు మైదానంలోనే ఉంటుంది. మైకేల్ జోన్స్ ఆటను తక్కువ చేసినవాడు కాడు. వారంలో ఆరు రోజులు దానికి తన ఒళ్ళు హూనం చేసుకున్నవాడు.

రెండవది. హద్దు ఎక్కడో ఇంట్లో కూర్చొని ముందే మాట్లాడుకోండి. సెమీఫైనలు నాటి ఉదయం నిర్ణయించుకోవలసిన విషయం కాదది. అప్పటికి గుండె దడ, స్నేహితుల పిలుపు, మైకు చప్పుడు అన్నీ కలిసి మనకు బదులుగా నిర్ణయించేస్తాయి. నిర్ణయించుకున్నాక శిక్షకునికి, జట్టువారికి మొదటి రోజే మర్యాదగా చెప్పనివ్వండి. చాలమంది పెద్దమనుష్యులు అటువంటి మాటను గౌరవిస్తారు. గౌరవించకపోతే పోయేదానికి సిద్ధపడండి.

మూడవది. హాస్టలుకు పంపితే అక్కడ ఆదివారము ఎలా గడుస్తుందో విచారించండి. దగ్గరలో సంఘముందా? లేకపోతే బిడ్డ చేతిలో బైబిలు ఉందా, దానిని తెరిచే అలవాటు మీ ఇంట్లో ఏర్పడిందా? ఇంట్లో లేని ప్రార్థన హాస్టలులో మొలవదు. సమోవా తల్లులు సముద్రము దాటించిన సంగతి ఇదే. కొడుకుకు నియమము అప్పగించే ముందు ఆ నియమములోని సంతోషమును చూపించారు. ఆదివారమంటే వద్దులు, కాదులు మాత్రమే అయితే ఏ బిడ్డా దానికోసం ప్రపంచ కప్పు వదులుకోడు.

నాలుగవది. ఆట ఆయుష్షు చిన్నది. మైకేల్ జోన్స్ అంతటివాడికి 33 ఏళ్ళకు ముగిసింది, నడుమ రెండు పెద్ద మోకాలి దెబ్బలతో. కాబట్టి బిడ్డ చదువు మాన్పించి ఆటకే వదిలేయకండి. నల్ల చొక్కా అయినా, రంగు చొక్కా అయినా ఒకరోజు విప్పవలసిందే. అది విప్పిన తరువాత మిగిలే మనిషి ఎవరన్నదే అసలు ప్రశ్న. తన దేహము ఎవరి సొత్తో వారానికొకసారి జ్ఞాపకము చేసుకున్నవానికి ఆ రోజున జవాబు ఉంటుంది.

ఆదివారము ఇచ్చి గెలుపు కొనలేము. గెలుపు కోసం ఆదివారము అమ్మనూ కూడదు. అది సరుకు కాదు గనుక.

*కుటుంబ ప్రార్థనలో మాట్లాడుకొనుటకు:*

1. మన ఇంట్లో ఆదివారము ఏ పని తప్పనిసరి, ఏ పని మనము కావాలని పెట్టుకున్నది?

2. మన నియమము వల్ల నష్టపడిన వారెవరైనా ఉన్నారా? వారితో మనము ఎలా మాట్లాడాము?

3. దేవుడు మనము కోరినది ఇవ్వకపోయినా ఆయనను ఆరాధించడానికి మన ఇంటివారు సిద్ధముగా ఉన్నారా?

ప్రభువా, మా బిడ్డల కాళ్ళలోని బలము నీదే. వారు పరుగెత్తునప్పుడు తోడుండుము, ఆగవలసిన చోట ఆగు ధైర్యమునిమ్ము. గెలిచిననాడు గర్వమునుండియు, ఓడిననాడు నిన్ను నిందించుటనుండియు మమ్మును కాపాడుము. ఆదివారము లేని కూలివారికి విశ్రాంతి దయచేయుము. ఆమేన్.